పుల్లావు జున్నుపాలు

అనగనగా ఏటి ఒడ్డున ఒక చిట్టడవి. అందులో గేదెలు, ఆవులు, మేకలు మనలాగే మాట్లాడుకునేవి.

వాటి పాలన్నీ ఒక నక్క పట్టుకుపోయేది. ఏటి అవతల ఎలుగుబంటి ఆ పాలు కాచి అమ్మేది. నక్క దాని దగ్గర బస్తాడు తవుడు తీసుకుని, ఇవతలివాటికి దోసెడే పెట్టేది. ఇదేమని అడిగితే ఒక్కొక్కదాన్నీ పక్కకు పిలిచి వంక పెట్టేది. గేదె పాలకు నురగ లేదనేది. మేక పాలు వాసనేసేవట. ఆవు పాలైతే వాననీళ్ళేనట.

కర్రి అనే ముసలి గేదె ఇక ఊరుకోలేదు. పాలన్నీ ఒకే క్యానులో పోసి మనమే ఏరు దాటిద్దామంది. అలాగే చేశాయి. ఇంటింటికీ తవుడు వచ్చింది. పిల్లల డొక్కలు నిండాయి.

అప్పుడే పుల్ల అనే పడుచు ఆవు తొలిసారి ఈనింది. దాని పాలు పచ్చగా, చిక్కగా ఉన్నాయి. ఆవు పాలు వాననీళ్ళని నక్క అన్న మాట పుల్ల మనసులో ఇంకా గుచ్చుకుంటూనే ఉంది. దూడకు నాలుగు చుక్కలే వదిలి, మిగతావన్నీ మురిపెంగా క్యానులో పోసింది. అవి జున్నుపాలని, కాస్తే విరుగుతాయని దానికి తెలియదు.

ఎలుగుబంటి కాగులో పాలన్నీ విరిగిపోయాయి. ఇంకోసారి ఇలా జరిగితే మళ్ళీ నక్క దగ్గరే కొంటానని అది కబురు పంపింది.

అన్నీ క్యాను చుట్టూ చేరాయి. నక్క కూడా వచ్చి గట్టు మీద కూర్చుంది. మేక పాలు కలిస్తే ఇంతేనంది. అందరి చూపూ బొల్లి అనే మేక మీద పడింది. బొల్లికి ఆ అడవిలో ఇక ఉండాలనిపించలేదు. పిల్లలను వెంటబెట్టుకుని బయలుదేరింది.

పచ్చటి పాలు ఎవరివో పుల్లకొక్కదానికే తెలుసు. చెబితే వెళ్ళగొడతారేమో. తవుడు లేకపోతే పసిదూడ ఏమవుతుంది? కానీ బొల్లి పిల్లలవీ ఆకలి కడుపులే.

“బొల్లక్కా, ఆగు. విరిగింది నా పాల వల్లే. ఆవు పాలు వాననీళ్ళని నక్క అందిగా, ఇవి పచ్చగా, చిక్కగా ఉన్నాయని నేనే పోశాను,” అంది పుల్ల.

కర్రి దాని దగ్గరకు వచ్చింది. “ఓసి పిచ్చిదానా, అవి జున్నుపాలే. అవి నీ బిడ్డవి. దానికేం మిగిల్చావు?”

“నాలుగు చుక్కలు, పెద్దమ్మా.”

“మరి అది లేచి నిలబడిందా?”

పుల్ల ఏడ్చేసింది.

బొల్లి వెనక్కి వచ్చింది. “నక్క మాట విని నువ్వు బిడ్డను మాడ్చావు, నేను ఇల్లు వదలబోయాను. తెలివిలో ఇద్దరం ఇద్దరమే. పద, ముందు దానికి పాలివ్వు,” అంది.

కర్రి తానే ఏరు దాటి, జరిగింది ఎలుగుబంటికి చెప్పింది. అది కాసేపు గొణిగింది. మర్నాడు మాత్రం క్యాను పుచ్చుకుంది. ఆ రోజే అన్నీ కలిసి ఒక కట్టుబాటు పెట్టుకున్నాయి. ఈనిన తల్లి పదిరోజులపాటు క్యానులో పాలు పోయకూడదు. దాని వంతు తవుడు మాత్రం ఇంటికే వెళ్ళాలి.

పుల్ల దూడ కడుపునిండా తాగింది. మూతికి పచ్చటి నురగ అంటించుకుని, వణుకుతూ వణుకుతూ నాలుగు కాళ్ళ మీదా నిలబడింది.

నీతి: పదిమందితో కలిసి బతికేవారు తమ తప్పు తామే చెప్పుకోవాలి, చెప్పినవారిని ఆ పదిమందీ వదులుకోకూడదు.