వెదురుపొద వెనక సైకిల్

అనగనగా ఒక అడవిలో జంతువులన్నీ సైకిళ్లు తొక్కేవి. నవ్వకండర్రా, తాబేలు కూడా తొక్కేది! దాని పేరు కూర్మమ్మ. అందరికంటే సైకిల్ అవసరం దానికే ఎక్కువ. ప్రతి బేస్తవారం సంతలో ఆయాసం మందు కొని, పొద్దుగూకేలోగా చెరువు అవతల ఉన్న చెల్లెలికి అందించాలి. నడిచి వెళ్తే మూడు రోజులు పడుతుంది. అన్నాళ్లు మందు లేకపోతే చెల్లెలికి ఊపిరాడదు.

సంతకు వచ్చినవాళ్లంతా సైకిళ్లను వెదురుపొద వెనక పెట్టేవారు. అక్కడ నీడ ఉంటుంది, సీటు కాలదు. ముందు చక్రానికి గొలుసు చుట్టి, గుంజకు తాళం వేసి, నిశ్చింతగా బేరాలకు పోయేవారు.

ఒక బేస్తవారం కూర్మమ్మ మందు సీసాతో వచ్చి చూస్తే, గుంజకు ముందు చక్రం ఒక్కటే ఉంది. మిగతా సైకిల్ లేదు! ఆ నెలలో అది మూడో దొంగతనం. కూర్మమ్మకు ఏడుపు ఆగలేదు. ఆ పూటకు కొంగను బతిమాలి మందు పంపింది. కానీ కొంగ ప్రతి వారం రాదు కదా.

ఇక అప్పట్నుంచి దాని కళ్లకు అందరూ దొంగల్లాగే కనిపించారు. నక్క పలకరిస్తే, "ఎన్నడూ లేనిది ఈ ప్రేమేమిటి?" అనుకుంది. టీ కొట్టు కొండముచ్చు పలకరించకపోతే, "మొహం చాటేస్తున్నాడు, ఏదో ఉంది" అనుకుంది. పునుగుపిల్లి సింహాచలం చేతులకు గ్రీజు చూసి మాత్రం అక్కడే ఆగిపోయింది. వాడిది సైకిల్ రిపేరు కొట్టు. చక్రాలు విప్పే పానాలన్నీ వాడి దగ్గరే ఉంటాయి.

"నువ్వే తీశావు!" అని సంత మధ్యలో నిలదీసింది. "చక్రం అంత నున్నగా విప్పడం నీకు కాక ఇంకెవరికొచ్చు?"

సింహాచలం మొహం మాడిపోయింది. కొట్టు తలుపులు బార్లా తీశాడు.

"ఎతుక్కో అప్పా. నీ బండి ఇక్కడ దొరికితే నన్ను మళ్లీ ఈ సంతలో అడుగెట్టనీకు."

కూర్మమ్మ మూల మూలా వెతికింది. ఏమీ దొరకలేదు. అయినా, "ఇంకెక్కడో దాచి ఉంటాడు" అనుకుంది.

"ఇప్పుడు నాతో రా," అని వాడు కూర్మమ్మను వెదురుపొద వెనక్కి తీసుకెళ్లాడు. "ఇక్కడ నిలబడి సూడు. సంతలో ఎవరైనా కనపడతన్నారా?"

"ఒక్కరూ కనపడటం లేదు."

"ఆళ్లకి నువ్వూ కనపడవు. ఇక్కడ ఎంతసేపు చక్రం విప్పినా అడిగేవాడు లేడు. దొంగెవడో నాకు తెలీదప్పా. కానీ ఆడికి ఈ సోటు ఇచ్చింది మనవే."

కూర్మమ్మ సంతలోకి వెళ్లి ఆ మాటే అందరికీ చెప్పింది.

మర్నాడే అందరూ పనిలోకి దిగారు. టీ కొట్టు ఎదురుగా కొత్త గుంజలు పాతారు. సీటు కాలకుండా పైన తాటాకు పందిరి వేశారు. గొలుసు చక్రంలోంచి, సైకిల్ నడుం కమ్మీలోంచి రెండింట్లోంచీ దూరేలా గుంజకు పెద్ద ఇనుప కడియం బిగించారు. ఎవరు సైకిల్ మీద చెయ్యి వేసినా, చూసినవాళ్లు "ఇది ఎవరిది?" అని అడగాలి. అడిగితే ఎవరూ కోపం తెచ్చుకోకూడదు. అదీ కట్టుబాటు.

సింహాచలం తన సైకిల్‌నే వాడుకోమని కూర్మమ్మకు ఇచ్చాడు. "తిట్టించుకున్నవాడు సైకిల్ ఎందుకిస్తున్నాడు?" అని కూర్మమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. అనుమానం అంత తొందరగా వదులుతుందా మరి!

ఆ తర్వాతి బేస్తవారం కూర్మమ్మ మందు కొంటుండగా టీ కొట్టు దగ్గర కేక వినిపించింది.

"ఆ సైకిల్ ఎవరిది బాబూ?" అని కొండముచ్చు.

"ఎవరిది?" అని నక్క.

"నిన్నే, ఎవరిది?" అని సంతంతా.

గోనెసంచి ముసుగు వేసుకున్న జంతువేదో గొలుసు వదిలేసి, గుంపులో పడి మాయమైపోయింది. మొహం ఎవరూ చూడలేదు. దొంగ ఎవరో ఈనాటికీ తెలియదు. కానీ ఆ తర్వాత ఒక్క సైకిలూ పోలేదు.

సంతతో కలిసి కేకేసిన సింహాచలాన్ని చూస్తూ, కూర్మమ్మ రొప్పుతూ వచ్చి ఆ సైకిల్ హ్యాండిల్ పట్టుకుంది. కొండముచ్చు కట్టుబాటు తప్పలేదు.

"ఇది ఎవరిది కూర్మమ్మా?"

కూర్మమ్మ తల దించుకుంది.

"సింహాచలానిది. నేను దొంగ అన్నానే, ఆ సింహాచలానిది. చెల్లెలికి మందు ఇచ్చి వచ్చాక, ఇదే సంత మధ్యలో వాడికి క్షమాపణ చెప్పుకుంటాను."

ఆ సాయంత్రం మందు వేళకు అందింది.

నీతి: పక్కవాళ్లను అనుమానిస్తూ కూర్చుంటే దొంగ దొరకడు. దొంగకు చోటు లేకుండా అందరూ కలిసి కాచుకుంటేనే సొమ్ము నిలుస్తుంది.