జసింత అడిగిన మాట

ఫాదర్ బాలశౌరి గారిని విశ్వాసం గురించి ఎవరైనా ప్రశ్న అడిగితే ఆయన సూటిగా జవాబు చెప్పేవారు కాదు. ముందు ఆ మనిషి చేతికి ఏదో ఒక పని అప్పజెప్పేవారు. చేతులు పనిలో పడ్డాక, తాను చర్చి గురువుగా పనిచేసిన ఊళ్ళలో జరిగిన సంగతి ఏదో ఒకటి ఎత్తుకునేవారు. అంతా చెప్పాక చివర ఒక మాట అనేవారు. అది జవాబో కాదో విన్నవాళ్ళు ఇంటికి వెళ్తూ దారిలో తేల్చుకోవలసిందే.

ఆల్ఫోన్సు అనే యువకుడు ఒక శనివారం ఉదయం ఆయన్ని చూడవచ్చాడు. వృద్ధ గురువులు ఉండే ఇంట్లో, వంటగది అరుగు మీద కూర్చుని ఉన్నారాయన. ఆల్ఫోన్సు తమ చర్చిలో యువతీయువకులకు ప్రతి ఆదివారం పూజ అయ్యాక సత్యోపదేశం చెబుతాడు, సాయంత్రాలు వాళ్ళతో వాలీబాల్ ఆడతాడు, నెలకోసారి ఆసుపత్రికి తీసుకువెళ్ళి రోగుల్ని పలకరించి వస్తాడు. రెండేళ్ళుగా ఎవరూ వంక పెట్టని విధంగా చేస్తున్నాడు.

"ఫాదర్, వచ్చే వారం నుంచి మానేద్దామనుకుంటున్నాను," అన్నాడు. "దేవుడు ప్రేమ అని బోర్డు మీద రాస్తాను. రాస్తున్నప్పుడు నాకేమీ అనిపించదు. నా దగ్గర లేనిది వాళ్ళకెలా ఇస్తాను? ఏదో ఒకరోజు ఆ పిల్లలకి నా సంగతి తెలిసిపోతుంది. ముందు నా విశ్వాసం గట్టిపడనివ్వండి, ఆ తర్వాత వాళ్ళ దగ్గరికి వెళ్తాను. అది న్యాయం కాదా?"

ఫాదర్ గారు చిక్కుడుకాయల బుట్ట అతని ముందుకు జరిపారు. "ఈనెలు తియ్యి," అన్నారు. కాసేపటికి ఆగ్నేసమ్మ సంగతి మొదలుపెట్టారు.

పల్నాడులో ఆయన పనిచేసిన ఒక ఊళ్ళో ఆగ్నేసమ్మ జాకెట్లు కుట్టేది. నలభై అయిదేళ్ళ మనిషి. ఒక్క ఆదివారం కూడా పూజ తప్పేది కాదు, పాటల్లో ఆమె గొంతు అందరికన్నా పైకి వినిపించేది. జపాలన్నీ తడుముకోకుండా చెప్పగలదని, ఆ ఏడు భద్రమైన అభ్యంగనానికి పిల్లల్ని సిద్ధం చేసే పని ఫాదర్ గారు ఆమెకి ఇచ్చారు. ఎదిగిన పిల్లలు తమ విశ్వాసాన్ని తమ నోటితో ఒప్పుకుంటే బిషప్ గారు వచ్చి నొసట తైలం రాసే పండుగ అది. మూడు నెలల వ్యవధి ఉంది. కంఠతా పెట్టించడమే కదా, మూడు నెలలు ఎక్కువే అనుకుంది ఆగ్నేసమ్మ.

ఆ పిల్లల్లో జసింత ఒకతె. పదిహేడేళ్ళది, పుట్టుచెవిటి, మాటలు లేవు. పట్నంలో చెవిటి పిల్లల బడిలో ఐదో తరగతి దాకా చదివి, తల్లి పోయాక ఇంటికి వచ్చేసింది. మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్తుంది. చదవడం, రాయడం వచ్చు. బడిలో నేర్చిన సైగలు మాత్రం ఊళ్ళో ఎవరికీ తెలియవు. ఆమె తండ్రి శౌరయ్య మొదటి రోజే ఆగ్నేసమ్మతో చెప్పాడు: "అక్కా, దానికి వినపడదు కదా, నువ్వేం తిప్పలు పడొద్దు. పిల్లలతోపాటు కూర్చుంటది. బిషప్ గారు నూనె రాస్తారు. మాకు అదే చాలు."

ఆగ్నేసమ్మకీ అదే సుఖమనిపించింది. పిల్లలు పాఠానికి తన ఇంటికి వచ్చినప్పుడు, పూజలో అందరూ చెప్పే విశ్వాస సంగ్రహం అచ్చువేసిన కాగితం జసింత చేతికిచ్చి, చూసి రాయమంది. ఆ పిల్ల ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుకొచ్చింది. మెచ్చుకుని పంపబోతే కదలలేదు. పెన్సిలు తీసి 'విశ్వసించుచున్నాను' అన్న మాట కింద గీత గీసింది. ఇదేమిటన్నట్టు కనుబొమ్మలు ఎగరేసింది.

ఆగ్నేసమ్మ గుండె మీద చెయ్యి వేసుకుని కళ్ళు మూసుకుంది. జసింత నవ్వి, నిద్రా అని సైగ చేసింది. ఈసారి ఆగ్నేసమ్మ తలమీద వేలు పెట్టుకుంది. జసింత కాగితం మీద 'తెలుసు' అని రాసి, అదేనా అన్నట్టు చూసింది. తెలుసు కాదు. మరి ఏమిటి? ముప్పై ఏళ్ళకు పైగా వారం వారం చెబుతున్న మాట, నోరు వాడకుండా చెప్పమనేసరికి ఆగ్నేసమ్మకి ఏమీ తోచలేదు. చివరికి, "నువ్వు భయపడకుండా ఎప్పుడుంటావు?" అని కాగితం మీద రాసి అడిగింది. ఎందుకడిగిందో ఆమెకే తెలియదు.

జసింత ఆలోచించింది. లేచి గది ఈ గోడ నుంచి ఆ గోడ దాకా నడిచింది. అడుగు అడుగుకీ మెడ తిప్పి వెనక్కి చూసుకుంటూ నడిచింది. రోడ్డు మీద తాను నడిచేది అలాగే. వెనకనుంచి ఏ బండి వచ్చినా వినపడదు. తర్వాత తండ్రి మోపెడ్ నడుపుతున్నట్టు చూపించి, తాను ఆయన వెనక కూర్చున్నట్టు బల్ల మీద కూర్చుంది. వెనక్కి చూడలేదు. చెంప ఆయన వీపుకి ఆనించినట్టు పెట్టి, అలాగే ఉండిపోయింది. ఆగ్నేసమ్మ ఆ కాగితం తీసుకుని, గీత గీసిన మాట మీద వేలు పెట్టి, ఇదే అని తల ఊపింది. ఆ రాత్రి జపం చెప్పుకుంటూ ఆ మాట దగ్గర ఆమె ఆగిపోయిందట. తాను దేని మీదైనా అలా చెంప ఆనించి ఎరుగునా అని ఆలోచించిందట.

అప్పటి నుంచి మిగతా పిల్లల పాఠం అయ్యాక జసింతకు ఒక గంట వేరేగా కేటాయించింది. సృష్టి, సిలువ, సమాధి, పునరుత్థానం, ఒక్కొక్క మాటకీ ఇద్దరూ కలిసి ఒక్కొక్క గుర్తు వెతుక్కున్నారు. రెండు నెలలు హాయిగా సాగింది. తర్వాత 'పాపముల మన్నింపు' వచ్చింది.

ఆగ్నేసమ్మ అరచేతిని పలక తుడిచినట్టు తుడిచి చూపించింది. జసింత ఒప్పుకోలేదు. ఆగ్నేసమ్మను వేలుపెట్టి చూపి, కిటికీలోంచి కనిపించే పక్కింటి గోడ వైపు చూపి, రెండు వేళ్ళూ ఎడంగా పెట్టి, చూపించు అన్నట్టు చేతులు చాచింది. ఆ గోడ అవతల ఉండేది ఆగ్నేసమ్మ తోడికోడలు మార్తమ్మ. పదకొండేళ్ళుగా ఇద్దరికీ మాటల్లేవు. ఆగ్నేసమ్మ పుట్టింటికి వెళ్ళినప్పుడు అత్తగారికి ప్రాణం మీదికి వచ్చింది. రెండు రోజులు కొనఊపిరితో ఉన్నా మార్తమ్మ కబురు చెయ్యలేదు. ఆగ్నేసమ్మ వచ్చేసరికి సమాధి మీద మన్ను ఆరిపోయింది. కన్నతల్లిలా చూసిన అత్తగారి మొహం చివరిసారి చూసుకోలేకపోయింది. ఊళ్ళో ఆ సంగతి చెప్పుకోవడం ఎప్పుడో మానేశారు. చెవులతో వినే లోకం మరిచిపోయింది గాని, కళ్ళతో చూసే పిల్ల మరవలేదు. పూజలో ఒకరికొకరు చేతులు జోడించి సమాధానం, అంటే శాంతి, చెప్పుకునే సమయంలో ఆగ్నేసమ్మ చేతులు అన్ని వైపులకీ తిరిగి, ఒక్క మనిషి దగ్గర మాత్రం దాటిపోవడం ఏళ్ళ తరబడి చూస్తోంది.

ఆగ్నేసమ్మకు ఒళ్ళు మండిపోయింది. ఆ కాగితం లాక్కుని, తలుపు చూపించింది. సాయంత్రం శౌరయ్య ఎదురుపడితే, "నువ్వన్నదే నిజం తమ్ముడూ. దానికి రాదు. ఊరికే కూర్చోబెడదాంలే," అంది. తర్వాతి ఆదివారం అందరికన్నా ముందు వచ్చే జసింత రాలేదు.

ఆ వారమంతా ఆగ్నేసమ్మ కుట్టిన జాకెట్లలో రెండు విప్పి మళ్ళీ కుట్టవలసి వచ్చింది. పరలోక జపం ఎత్తుకుంటే మన్నింపు మాట దగ్గర నాలుక ఆగిపోయేది. ఆ పిల్లకి రాదని చెప్పానే, రానిది ఎవరికి అన్న ఆలోచన మిషను తొక్కుతున్నంతసేపూ వదలలేదు. శుక్రవారం మధ్యాహ్నం మిషను ఆపి లేచింది. ఏం మాట్లాడాలో అనుకోకుండానే మార్తమ్మ వాకిట్లోకి వెళ్ళి నిలబడింది.

మార్తమ్మ చేట కింద పెట్టి చూసింది.

"అక్కా, అత్త మొహం చివరికి ఎట్టా ఉంది?" అంది ఆగ్నేసమ్మ.

మార్తమ్మ చేతులు కొంగుకు తుడుచుకుంది. తర్వాత చెప్పింది. "ప్రశాంతంగానే ఉంది. నిన్ను అడిగింది, రెండుసార్లు. నేనే కబురు చెయ్యలేదు. నువ్వొచ్చి, నా చేతుల్లో ఉండబట్టే ఆమెకి ఇట్టా అయిందని నలుగురిలో అంటావని భయమేసింది. తర్వాత చెప్పడానికి మొహం చెల్లలేదు."

ఏదో పొరపాటు జరిగి ఉంటుందని, కబురు దారిలో తప్పి ఉంటుందని ఆగ్నేసమ్మ లోపల ఎక్కడో ఆశపడింది. అది కాదు. తెలిసి చేసిన పనే. అత్త తనను రెండుసార్లు అడిగిందన్న మాట కొత్తగా గుచ్చుకుంది. కోపం తగ్గలేదు. మన్నించానన్న మాట నోటికి రాలేదు. వెనక్కి తిరిగి వెళ్ళనూ లేదు. ఎండలో నిలబడి ఉన్న ఆమెను చూసి మార్తమ్మ లోపలికి వెళ్ళి గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చింది. ఇవ్వాలా వద్దా అన్నట్టు పట్టుకుని నిలబడింది. ఆగ్నేసమ్మ అందుకుని, అరుగు మీద కూర్చుని తాగింది. ఆ ఇంటి నీళ్ళు తాగి పదకొండేళ్ళయింది.

అక్కడి నుంచి నేరుగా మిరపకాయల కల్లం దగ్గరికి వెళ్ళింది. జసింత తలెత్తి చూసి మళ్ళీ పనిలో పడబోయింది. ఆగ్నేసమ్మ ఆమె ఎదురుగా నేల మీద కూర్చుని రెండు చేతులూ జోడించింది. ఆ తర్వాత మార్తమ్మ ఇల్లున్న వైపు చూపి, తన్ను చూపి, ఒకరి చేతిలోంచి గ్లాసు అందుకుని తాగినట్టు చూపించింది. జసింత ఆమె మొహంలోకి తేరిపార చూసింది. మళ్ళీ చెయ్యమంది. మళ్ళీ చేసింది.

పండుగ నాడు బిషప్ గారు తైలం రాసే ముందు పిల్లల్ని ఒక్కొక్క ప్రశ్న అడిగారు. మన్నింపు అంటే ఏమిటని అడుగుతూ, అది కాగితం మీద రాసి జసింత చేతికి ఇప్పించారు. జసింత లేచి, గ్లాసు అందుకుని తాగినట్టు చూపింది. బిషప్ గారికి అర్థం కాలేదు. "దాహమంటోందా?" అని ఆగ్నేసమ్మను అడిగారు. మన్నింపు గుర్తు అదేనండీ అని ఊరుకుంటే సరిపోయేది. చర్చి నిండా ఊరు కూర్చుని ఉంది. ఆగ్నేసమ్మ ముందుకు వచ్చి, "లేదయ్యగారూ. మా తోడికోడలింట్లో నేను మంచినీళ్ళు తాగానని చెబుతోంది," అంది.

ఆడవాళ్ళ వైపు వెనక వరసలోంచి మార్తమ్మ గొంతు వినిపించింది: "రెండు గ్లాసులు తాగింది."

బిషప్ గారు నవ్వలేదు. ఇంకేమీ అడగకుండా తైలం పళ్ళెం తెమ్మన్నారు.

ఫాదర్ బాలశౌరి గారు అక్కడితో ఆపేశారు. ఆల్ఫోన్సు, "తర్వాత ఆ తోడికోడళ్ళు కలిసిపోయారా ఫాదర్?" అని అడిగాడు.

"ఎక్కడ? పోట్లాడుకుంటూనే ఉన్నారు. కాకపోతే పోట్లాడటానికి ఒకరింటికొకరు వెళ్తున్నారు."

ఆల్ఫోన్సు నవ్వాడు. "మరి నా సంగతి ఏం చెప్పారు?" అన్నాడు.

ఫాదర్ గారు బుట్ట తీసుకుని లేచారు. "నీ దగ్గర ఏం లేదో ఆ పిల్లలకి నీకన్నా ముందే తెలిసుంటుందయ్యా," అన్నారు. "అయినా వస్తున్నారుగా. ఎందుకొస్తున్నారో రేపు వాళ్ళనే అడుగు."