నక్క చేసిన సీమంతం

బైపాస్ రోడ్డు పక్కన టిఫిన్ హోటల్, దాని వెనక చెత్తదిబ్బ, దిబ్బ అవతల తుమ్మచెట్లు. ఆ తుమ్మల్లో ఉండే మేకకి ప్రాణం విసిగిపోయింది. కొడుకు మీద విసుగు, కొడుకు గురించి సలహా చెప్పే ప్రతి నోటి మీదా విసుగు.

"తక్కువ పెట్టవే," అంటుంది గొర్రె.

"రోజూ పరిగెత్తించు," అంటుంది గాడిద. చెప్పేవాళ్ళకేం, చేసేవాళ్ళకి కదా తెలిసేది!

ఆ కొడుకు బుజ్జోడు తినేది రెండు రెమ్మలు. వాడి ఈడు పిల్లలు కంచెలు దూకుతుంటే, వీడు నాలుగడుగులు వేసి ఆయాసంతో కూలబడతాడు. తిన్న కాస్తా బలం కాకుండా కొవ్వయి కూర్చుంటుంది.

"నీళ్ళు తాగినా ఒళ్ళు చేస్తావేంట్రా! దొంగచాటుగా ఎక్కడ మెక్కుతున్నావో చెప్పు!" అని మేక అరిచేది. వాడు బిక్కమొహం వేసేవాడు.

ఇదంతా మేక చూడితో ఉన్నప్పుడు మొదలైంది. అప్పుడే నక్కకీ కడుపు. ఒకనాడు అది తియ్యగా పలకరిస్తూ వచ్చింది.

"ఏం వదినా, తొలిచూలు కదా, సీమంతం చేసేవాళ్ళెవరూ లేరా?"

"మేకలకి సీమంతమేంటి వదినా?"

"అయ్యో, కడుపుతో ఉన్నదాని నోరు కట్టేస్తే పాపం కాదూ! పద, నేను చేస్తాను."

నక్కకి ఊరికే జాలి పుడుతుందా? కిందటేడు ఆ దిబ్బ మీద కవర్లు నమిలిన ఓ చూడి మేకకి, కొవ్వు పట్టి పరిగెత్తలేని పిల్ల పుట్టడం అది కళ్ళారా చూసింది. రేపు తన పిల్లలకి అలాంటి మేకపిల్ల దొరికితే తొలి వేట ఎంత సులువు!

సీమంతం ఘనంగానే జరిగింది. ఎవరూ తీసుకెళ్ళని పార్సిళ్ళు హోటల్ వాడు అలాగే విసిరేస్తాడు. పల్చటి కవర్లలో పొగలు కక్కుతుండగానే కట్టిన సాంబారు, నూనె తేలే కుర్మా. మేక వెనకాడితే నక్క ముందు తానే నాకి చూపించింది. ఆ రుచి మరిగాక ఇద్దరూ రోజూ దిబ్బ మీదే.

గేదె అత్త నెత్తీనోరూ కొట్టుకుంది. "ఒసేయ్, ఆ కవరు మెత్తగా సాగడానికి ఏదో మందు కలుపుతారట. వేడి నూనె తగిలితే అది పులుసులోకి దిగుతుందట. పశువుల ఆసుపత్రిలో డాక్టరు చెబుతుంటే విన్నాను. నీకేమీ కాకపోవచ్చు, చేటు కడుపులో ఉన్నదానికి. కొవ్వు ఎంత ఖర్చు పెట్టాలో, ఎంత దాచాలో దాని ఒళ్ళు ఇప్పుడే నేర్చుకుంటుందే! తప్పు నేర్చుకుందంటే పుట్టాక దిద్దడం నీ తరం కాదు."

"నీకు పెట్టలేదని ఏడుపు అత్తా," అంది మేక, కవరు నములుతూ. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది.

నక్క మాత్రం అంతా విన్నది. 'అవి గడ్డి తినేవాళ్ళకొచ్చే రోగాలు, మనకెందుకొస్తాయి!' అనుకుని ఇంకో కవరు నాకింది.

పిల్లలు పుట్టారు, పెరిగారు. ఒక ఉదయం బుజ్జోడు బయల్లో ఒంటరిగా ఉండగా నక్క తన పిల్లల్ని పొదచాటుకి తెచ్చింది. నక్కల్లో ఓ ఆచారం ఉంది. తొలి వేట పిల్లలే పట్టాలి. తల్లి పన్ను తగిలితే ఆ పిల్లలు జన్మంతా ఎంగిలి ఏరుకుని బతుకుతాయట.

మేక దూరం నుంచి చూసి గుండెలు బాదుకుంది. "బుజ్జోడా, పరిగెత్తరా!"

వాడు పరిగెత్తాడు, నాలుగడుగులు. కూలబడ్డాడు.

నక్కపిల్లలు పొదలోంచి దూకాయి. మూడడుగులు వేసి, నాలుకలు వేలాడేసి చతికిలబడ్డాయి. వాటి పొట్టలు నేలకి రాసుకుంటున్నాయి.

"లేవండర్రా! ఎదురుగా ఉందిగా!"

"ఆయాసమమ్మా..."

"తిండిపోతు వెధవల్లారా! రాత్రి ఏం మెక్కారు?"

"పస్తే కదమ్మా పడుకున్నాం!"

బుజ్జోడు లేచి ఇంకో నాలుగడుగులు వేసి ఆగాడు. నక్కపిల్లలు లేచి ఇంకో మూడు వేసి ఆగాయి. అలాంటి దిక్కుమాలిన వేట ఆ చుట్టుపక్కల ఎవరూ చూసి ఉండరు. చివరికి నక్క, "ఆచారం గంగలో కలవనీ!" అని తానే దూకింది. అప్పటికే బుజ్జోడు దేకుతూ దేకుతూ, కాస్త దూరంలో మేస్తున్న గేదె అత్త కాళ్ళ మధ్యకి చేరాడు. గేదె కొమ్ములు వంచింది. నక్క వెనక్కి తిరిగి, ఆ కసికొద్దీ సొంతపిల్ల చెవి కొరికింది.

"దాన్నెందుకు కొరుకుతావు వదినా?" అంది మేక. "ఆ కవర్లు నాకింది నువ్వూ నేనూ."

ఆ మాట అన్నాక, ఇన్నాళ్ళూ తను కొడుకుని తిట్టిన తిట్లన్నీ మేకకి గుర్తొచ్చాయి. వాడి ఆయాసం తీరేదాకా పక్కనే నిలబడింది. నక్క మాత్రం తన పిల్లల్ని తిట్టుకుంటూనే, ఖాళీ నోటితో తుమ్మల్లోకి నడిచింది.

కడుపులో ఉండగా ఒంటికి పట్టినదానికి, పుట్టాక పిల్లల్ని తిట్టి లాభం లేదు.