వంకర చెట్ల వరస

సముద్రం ఒడ్డున ఒక పల్లెలో దాలినాయుడు అనే రైతు ఉండేవాడు. సరుగుడు తోట తనకూ అక్క పోలమ్మకూ ఉమ్మడిదే అయినా, మాట మాత్రం తనొక్కడిదే అనుకునేవాడు. ఆ తోట వెనకే ఇద్దరి ఇళ్లూ పక్కపక్కన ఉండేవి.

తండ్రి ఇచ్చిపోయిన ఆ తోటలో లోపలి చెట్లు నిటారుగా, నున్నగా పెరిగాయి. సముద్రం వైపు అంచున ఉన్న వరస మాత్రం ఉప్పుగాలికి వంగి, గిడసబారి, చూడ్డానికి వికారంగా ఉండేది. పోలమ్మ రోజూ ఆ వంకర చెట్ల కిందే పొయ్యిలోకి ఆకు ఊడ్చుకునేది. గాలి లేచినప్పుడల్లా అవి ఎంత అల్లాడిపోతాయో చూసేది. దాలినాయుడు నిటారు చెట్లనే చూసేవాడు, అవి లావెక్కుతుంటే మురిసిపోయేవాడు.

ఒకనాడు కలప వ్యాపారి వచ్చాడు. దాలినాయుడి గుమ్మంలో ఉన్న పోలమ్మను దాటుకుని వెళ్లి తమ్ముడితోనే బేరమాడాడు. ఆడవాళ్లకు కలప సంగతేం తెలుసని అతని ఉద్దేశం. దాలినాయుడికీ అందులో తప్పేమీ కనిపించలేదు.

"మంచి చెట్లు ఇంకా లావెక్కనీ. ఈ వంకరవి పట్టుకుపో, ఇటుకబట్టీకి పనికొస్తాయి" అన్నాడు.

పోలమ్మ గుమ్మంలోంచి ముందుకొచ్చింది.

"తమ్ముడూ, కొట్టొద్దని నేననడం లేదురా. కావాలంటే లోపల కొన్ని కొట్టు. అంచు వరస మాత్రం ముట్టుకోకు. తుఫాన్ల కాలమొస్తంది."

"నీ పొయ్యిలోకి ఆకు పోతాదని బెంగేటి, అప్పా?" అని నవ్వాడు తమ్ముడు.

"లోపలి చెట్లు ఎప్పుడైనా గాలి చూసినాయేట్రా?"

దాలినాయుడు మర్నాడే కూలీలను దింపాడు. గొడ్డళ్లు తన ఇంటి ఎదురుగా వచ్చేసరికి పోలమ్మ వెళ్లి ఒక వంకర చెట్టుకు ఆనుకుని కూర్చుంది. ఎంత చెప్పినా లేవలేదు. పదిమందిలో తల కొట్టేసినట్టయి, "ఆ ముక్క వదిలేయండి" అని కసిరాడు దాలినాయుడు.

ఆ తర్వాత అతని ఇంట్లోంచి నిటారు చెట్ల సందుల్లో సముద్రం కనబడసాగింది. చూడ్డానికి బాగానే ఉందనుకున్నాడు. పోలమ్మకు మాత్రం అన్నం సహించలేదు. మబ్బు పట్టినప్పుడల్లా వీధిలోకి వచ్చి ఆ ఖాళీ వైపు చూసేది.

అనుకున్నంతా అయింది. కార్తీకంలో ఒక మధ్యాహ్నం తుఫాను విరుచుకుపడింది. దాలినాయుడు భార్యాబిడ్డలతో, ఇంకా చెట్ల అడ్డున్న అక్క ఇంటికి పరుగెత్తాడు. తలుపు మూసుకున్నా, చెట్లు ఒకదాని మీద ఒకటి కూలుతున్న చప్పుడు వినబడుతూనే ఉంది. ఉండబట్టలేక అతను బయటికి దూకబోతే, పోలమ్మ చొక్కా పట్టుకుని లాగింది.

"చెట్లు పోతే నాటుకుందుం. నువ్వు పోతే ఎక్కడ నాటేదిరా?"

గాలి తగ్గాక ఇద్దరూ తోటకు వెళ్లారు. అంచు నరికినంత మేరా నిటారు చెట్లన్నీ వేళ్లతో సహా పడి ఉన్నాయి, కొన్ని నడిమికి చీలిపోయాయి. పోలమ్మ ఆనుకుని కూర్చున్న ముక్క వెనక మాత్రం తోట నిలిచి ఉంది. దాలినాయుడు ఆ వంకర చెట్టును తడిమి భోరుమన్నాడు.

వ్యాపారి మళ్లీ వచ్చాడు. పడినవి ఇక బట్టీకే పనికొస్తాయని చెప్పి, నిలిచినవాటి బేరం దాలినాయుడిని అడిగాడు.

"నన్ను కాదు, మా అప్పనడుగు" అన్నాడు దాలినాయుడు.

ఇద్దరి ఆస్తికి ఒక్కరి మాటే చాలనుకోకూడదు. ధర పలకని చెట్టు దేన్ని కాపాడుతోందో, దాని కింద రోజూ తిరిగే మనిషిని అడిగాకే గొడ్డలి ఎత్తాలి.