చిలక నోట పడ్డ ముల్లు

అనగనగా ఒక అడవి. ఆ అడవికి నీతి ఉంది గాని, అందులో కాపురమున్న నక్కకు లేదు. దాన్ని తలుచుకుంటేనే నాకు ఒళ్ళు మండుతుంది. అయినా చెబుతాను, వినండి.

వానలు ముంచుకొస్తున్నాయి. వాగు ఒడ్డున ముళ్లపంది తన పిల్లలతో బిక్కుబిక్కుమంటూ ఉంది. వాగు పొంగితే దాని బొరియ మునిగిపోతుంది.

అప్పుడు నక్క పంపిన చిలక వచ్చింది. "కొండమీద మా దొరకు రెండు బొరియలున్నాయి. ఒకటి నీకిస్తాడట. బదులుగా రెండోదానికి నువ్వు కాపలా కాయాలి. సమ్మతమైతే నీ ముల్లొకటి నా నోటికిమ్మన్నాడు" అంది.

ఆ అడవిలో ముళ్లపంది మాటిస్తే ముల్లిస్తుంది. అది వాళ్ళ ఆచారం. పళ్ళ బిగువున ముల్లు పీకి చిలకకిచ్చింది. ఈత వచ్చిన ఉడుముకు పాత బొరియ వదిలేసి, పిల్లలతో కొండదారి పట్టింది.

ఇంతలో తోడేలు నక్క దగ్గరికి వచ్చి, "ముళ్లపందికిస్తానన్న ఆ బొరియ నాకియ్యి, రోజూ మాంసం తెచ్చిపెడతా" అంది. నక్కకు నోరూరింది. సరేనంది.

చిలక ముల్లుతో వాలింది. ముళ్లపంది ఒప్పుకున్న కబురు చెవిన పడకూడదని నక్క గుర్రుపెట్టి నిద్ర నటించింది. చిలక మళ్ళీ వచ్చింది. నక్క ఊళ మొదలెట్టింది. మూడోసారి వచ్చేసరికి చెవుల్లో బూరుగు దూది కుక్కుకుని గోడవైపు తిరిగి కూర్చుంది. ఛీ, సిగ్గులేని జన్మ!

ముళ్లపంది వచ్చేసరికి గుమ్మంలో తోడేలుంది. చినుకులు మొదలయ్యాయి. పిల్లలు వణుకుతున్నాయి.

"నీ సమ్మతి నా చెవిన పడకముందే మనసు మార్చుకున్నా. పో!" అంది నక్క.

ముళ్లపందికి ముళ్ళన్నీ నిక్కబొడుచుకున్నాయి. "ఓరి దుర్మార్గుడా! నా పిల్లల్ని వానపాలు చేస్తావా? పద, ఏనుగు తాత దగ్గరే తేల్చుకుందాం!"

అడవిలో తగవులు తీర్చే ముసలి ఏనుగు అంతా విని నక్కను అడిగింది.

"చిలక ఎవరిది?"

"నాదే."

"ముల్లు దాని నోటికిమ్మన్నదెవరు?"

"నేనే."

"ఊడిన ముల్లు మళ్ళీ ఆమె ఒంటికి అతుక్కుంటుందా?"

"అతుక్కోదు."

ఏనుగు ఘీంకరించింది. "ఆమె వెనక్కి తీసుకోలేని మాటను నువ్వెలా కాదంటావురా? ముల్లు చిలక నోట పడ్డప్పుడే బేరం కుదిరింది. అయినా, ఏం కబురొస్తోందో తెలియకుండానే దూది కుక్కుకున్నావా? ఆ బొరియ ఈ తల్లిది. తోడేలుకిచ్చిన మాటా మాటే. నీ బొరియ దానికిచ్చెయ్!"

ఆ వానాకాలం ముళ్లపంది పిల్లలు పొడినేల మీద వెచ్చగా పడుకున్నాయి. నక్క మాత్రం బయటే తడిసింది, చెవుల్లో దూదితో సహా.

పిల్లలూ, మీరు పంపిన వాడి చేతిలో ఒప్పుకోలు పడితే మీ చేతిలో పడినట్టే. చెవులు మూసుకున్నంత మాత్రాన ఇచ్చిన మాట రద్దుకాదు.