పసుపు పూసిన జామచెట్టు

అనగనగా అంటే ఏదో పల్లెటూరనుకునేవు, కాదు తల్లీ, ఒక పెద్ద పట్నం. ఆ పట్నంలో ఒక బస్టాపు. దాని వెనక బస్తీ, ఎదురుగా మేడల కాలనీ. బస్తీలో ముత్తమ్మ అనే అవ్వ ఉండేది. తల్లి లేని మనవరాలు కనకాన్ని వెంటేసుకుని మేడల్లో అంట్లు తోమేది.

కనకానికి జామపండంటే ప్రాణం. కొనిపెట్టే తాహతు ముత్తమ్మకు లేదు. అప్పుడేం చేసింది? జామపళ్ళ బండివాడు పారేసిన మగ్గిన పండు తెచ్చి, బస్టాపు పక్క ఖాళీ నేలలో పాతిపెట్టింది. మొక్క మొలిచింది. "ఇది ఎవరి జాగా కాదు, అంటే అందరిదీ. ఆకలేసిన పిల్ల ఎవరైనా కోసుకు తినొచ్చు" అంది.

మొదట మేకలొచ్చాయి. ముత్తమ్మ తుమ్మకంప చుట్టింది. ఆ తర్వాత ఎండలొచ్చాయి. మేడల్లో బియ్యం కడిగిన నీళ్ళు బిందెతో మోసుకొచ్చి పోసింది. చెట్టు ఎదిగి కాపుకొచ్చింది. కనకమూ, బస్తీ పిల్లలూ బడి నుంచి వస్తూ దోరకాయలు కోసుకుని, ఉప్పూ కారం అద్దుకుని తినేవాళ్ళు.

ఆ తర్వాత మనుషులొచ్చారు. మేకలకంటే, ఎండకంటే వాళ్ళే గట్టివాళ్ళు.

కాలనీ ప్రెసిడెంటుగారికి ఆ చెట్టు నచ్చలేదు. "కాయలుంటే బస్తీ పిల్లలు చేరతారు, కార్ల అద్దాలు పగలగొడతారు" అని మునిసిపాలిటీకి అర్జీ పెట్టాడు. మర్నాడే గొడ్డళ్ళతో వస్తున్నారని కబురొచ్చింది.

అప్పుడు బస్టాపులో పూలమ్మే సత్తెమ్మ ఒక ఉపాయం చెప్పింది. "గోడల్ని తడిపే మగాళ్ళు దేనికి ఆగారు వదినా? దేవుడి బొమ్మలు అతికిస్తేనే గదా. మనం బతిమాలితే ఎవడు వింటాడు? దీనికి పసుపు పూసెయ్."

ఇద్దరూ కలిసి చెట్టు మొదలుకి పసుపు రాశారు, కుంకుమ బొట్లు పెట్టారు, ఎర్ర జాకెట్టుముక్క కట్టారు. పొద్దున్నే గొడ్డళ్ళవాళ్ళొచ్చారు. చూశారు. చెప్పులు విడిచి, దండం పెట్టుకుని వెళ్ళిపోయారు.

సత్తెమ్మ పడీపడీ నవ్వింది. "చూశావా, మన నోటికి లేని విలువ పసుపు ముద్దకుంది."

ఆ నవ్వు ఎన్నాళ్ళో నిలవలేదు. మొదట ఎవరో కొబ్బరికాయ కొట్టారు. ఆ తర్వాత ప్రెసిడెంటుగారే చందాలెత్తి, చెట్టు చుట్టూ కటకటాలు పెట్టించాడు, మొదలు దాకా సిమెంటు గచ్చు పోయించాడు. ఆ తర్వాత పూజారి వచ్చాడు. చెట్టుకి జామాంబ అని పేరు పెట్టాడు. కాయలు అమ్మవారి సొత్తన్నాడు. ముట్టయి బయటున్న ఆడవాళ్ళు ఈ చుట్టుపక్కలకు రాకూడదన్నాడు.

"అయ్యా, అది నేను నాటిన చెట్టు" అంది ముత్తమ్మ.

"అమ్మవారు తనంతట తానే వెలిసింది. నువ్వు నాటడమేమిటి?" అన్నాడు ప్రెసిడెంటు.

"పసుపు కూడా మేమే రాశాం సారూ" అంది సత్తెమ్మ.

"ఆ తల్లి రాయించుకుంది" అన్నాడు.



కాయలేమయ్యాయంటావా? మేడల్లో ప్రసాదమయ్యాయి. ఒకరోజు కనకం ఉండబట్టలేక, కటకటాల్లోంచి చెయ్యి పెట్టి ఒక కాయ తెంపింది. చెయ్యి వాచేలా కొట్టారు. పిల్ల అప్పుడప్పుడే పెద్దమనిషయింది. ఆ సంగతి కూడా తవ్వితీశారు.

వేళ్ళ మీద గచ్చు. గచ్చు సందుల్లోంచి పాలు, నూనె, పసుపునీళ్ళు. వాననీళ్ళు మాత్రం గచ్చు మీంచి జారిపోయేవి. మొదట ఆకులు పండాయి. ఆ తర్వాత కొమ్మలెండాయి. ఆ తర్వాత చెట్టు చచ్చిపోయింది.

"మైలపిల్ల ముట్టుకుంది. అమ్మవారు అలిగింది" అన్నాడు పూజారి. కాలనీ అంతా అవునంది. బస్తీలో ఆడవాళ్ళు కూడా అవునన్నారు తల్లీ, అదీ బాధ.

ముత్తమ్మ వెళ్ళి అడిగింది. "పండు ఇవ్వలేదు, నీడ ఇవ్వలేదు. ఎండిన కొమ్మలైనా ఇప్పించండయ్యా, పొయ్యిలో పెట్టుకుంటాను."

"అమ్మవారిని పొయ్యిలో పెడతావా?" అని గెంటేశారు. చచ్చిన మానుకి ఇత్తడి ముఖం తొడిగి, దాని ముందు హుండీ పెట్టారు.

అప్పుడు కూడా ముత్తమ్మ ఏడవలేదు. చెట్టే కదా, పోయింది అనుకుంది.

ఒక సాయంత్రం పని నుంచి వస్తుంటే కటకటాల దగ్గర కనకం కనబడింది. కళ్ళు గట్టిగా మూసుకుని, "నా వల్లే ఎండిపోయావు, తప్పయిపోయింది తల్లీ" అంటూ టపటపా లెంపలేసుకుంటోంది.

ముత్తమ్మ పరుగున వెళ్ళి ఆ రెండు చేతులూ పట్టుకుంది. "నువ్వేం చెయ్యలేదే పిచ్చిదానా" అంది.

పిల్ల చేతులు విడిపించుకుంది. మళ్ళీ లెంపలేసుకుంది.

అప్పుడు ఏడ్చింది ముత్తమ్మ.

కథ నడిచింది కంచి దారి,
కునుకు నడిచింది కంటి దారి.
చెయ్యని తప్పుకి చిన్నారీ,
వేసుకోకే లెంపలు ఒక్కసారీ.