చెవికి అందని ధుమ్

పెద్ద చెవుల బొజ్జ గణపయ్యకి దండం పెట్టుకుని చెబుతున్నాను. వెనక కూర్చున్నవాళ్ళు కాస్త ముందుకి జరగండి.

పైడిరాజు పశువులసాలలో, ముసలి ఎద్దు కొమ్ముల పక్కనే, ఊక పోసిన బుట్టలో చుక్కల పెట్ట గుడ్లు పొదుగుతోంది. నేడో రేపో పిల్లలు బయటికొస్తాయి. పెంకు లోపలినుంచి టిక్కు టిక్కుమని పొడుస్తుంటే పెట్టకి ఒళ్ళంతా చెవులే.

సరిగ్గా అప్పుడే పైడిరాజు బామ్మర్ది కారు కొన్నాడు. డిక్కీ నిండా స్పీకర్లు పెట్టించాడు. రోజూ పొద్దువాలే వేళకి వాగుగట్టు మీద ఆపి, అద్దాలన్నీ బిగించుకుని కూర్చుంటాడు. పాట ఒక్క ముక్క బయటికి రాదు. ధుమ్... ధుమ్... అన్నది మాత్రం నేలలోంచి పాకి వస్తుంది. చెవికి సరిగ్గా అందదు గానీ రొమ్ముకి తగులుతుంది. తగిలినప్పుడల్లా గుడ్లు వణుకుతాయి, లోపల టిక్కు టిక్కు ఆగిపోతుంది.

"తాతా, నా పిల్లలు ఏమైపోతాయో!" అని పెట్ట కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"నాకూ గిట్టల్లోంచి మోకాళ్ళదాకా ఎక్కుతోందే తల్లీ," అంది ఎద్దు. "అదిగో, కుడితి తొట్టిలో చూడు, నీళ్ళు ఎలా అదురుతున్నాయో! కారు వెళ్ళాక పిల్లలు మళ్ళీ పొడుస్తున్నాయా, లేదా?"

"పొడుస్తున్నాయి."

"మరింకేం? దేవుడి మీద భారం వేసి కూర్చో."

కూర్చుంది గానీ, తల్లి మనసు కదా, కుదుటపడితేనా!

మర్నాడు మధ్యాహ్నం, సాల ముందు కాపలా కుక్క కునుకు తీస్తున్న వేళ, నక్క గుమ్మంలోకి తొంగిచూసింది.

"చెల్లెమ్మా, ఏమిటా ఏడుపు?"

"సాయంత్రమైతే ధుమ్మంటోంది అన్నా. గుడ్లు వణికిపోతున్నాయి."

"అయ్యో, నీకు తెలీదా! భూమి అడుగున రాక్షసుడు రోకలి పోటు వేస్తున్నాడు. గుడ్లలో ప్రాణం పోయేదాకా ఆపడు."

నిజానికి నక్కకి ఆ ధుమ్ ఒక్కసారీ తగల్లేదు. పొద్దువాలితే అది వాగవతల చెరకుతోటల్లో ఎలకల వేటలో ఉంటుంది.

"మరి ఆ ధుమ్ నీ బొరియలోకి వస్తుందా?" అని అడిగింది పెట్ట.

"నా బొరియలోకా? చీమ చిటుక్కుమన్నా వినపడుతుందక్కడ! నువ్వు నడిచొచ్చెయ్. గుడ్లు నేను ఒక్కొక్కటే నోట కరుచుకుని తెస్తా. పన్ను తగలనిస్తే ఒట్టు!"

"నీ నోటి సంగతి మాకు తెలీనిదా నాయనా," అంది ఎద్దు, నెమరు ఆపకుండా.

భయంతో పెట్ట సగం లేచింది కూడా. "బొరియ ఎక్కడన్నా?"

"ఇక్కడే, వాగుగట్టు లోపల."

పెట్ట తొట్టివైపు చూసింది. రోజూ కారు ఆగేది ఆ గట్టు మీదే కదా! ఇంత దూరాన నీళ్ళనే అదరగొట్టేది, ఆ గట్టు కడుపులో ఇంకెంత చేస్తుంది! మెల్లిగా మళ్ళీ గుడ్లమీద కూర్చుంది.

"అన్నా, మా కోళ్ళకో ఆనవాయితీ ఉంది. కొత్తచోట గుడ్లు దించేముందు అక్కడ కూర్చుని చూడాలి. నేను దిగితే గుడ్లు చల్లారిపోతాయి. ఇవాళ పొద్దువాలే వేళ నా బదులు నువ్వు కూర్చో. ధుమ్ రాలేదంటే వచ్చి కబురు చెప్పు."

"ఓస్, ఇంతేనా!" అని నక్క మూతి నాక్కుంటూ వెళ్ళింది.

ఆ సాయంత్రం వేట మానేసి బొరియలో ముడుచుకు పడుకుంది. కారొచ్చింది. సరిగ్గా నెత్తిమీద ఆగింది.

ధుమ్! ముక్కు మీద మన్ను రాలింది.

ధుమ్! పొట్టలో పేగులు అదిరాయి, పళ్ళు టకటకలాడాయి. చెవులు రిక్కిస్తే చప్పుడు చిక్కదు, ఒళ్ళు మాత్రం ఊగిపోతోంది.

"ఓరి నాయనో, రాక్షసుడు నిజంగానే ఉన్నాడు!"

ఒక్క గెంతున బయటపడి, దిక్కు తోచక పశువులసాల ముందునుంచే పరుగెత్తింది. కుక్క లేచి వెంటపడింది.

"అన్నా, ఆగు! గుడ్లు తీసుకెళ్ళవా?" అని పెట్ట కేకేసింది.

"నీ గుడ్లూ వద్దు, నీ ఆనవాయితీ వద్దు! రోకలి నా నెత్తినే పడింది!" అంటూ వాగు దాటిన నక్క మళ్ళీ ఇటు రాలేదు.

కారు వెళ్ళిపోయింది. తొట్టిలో నీళ్ళు నిలిచాయి. పెట్ట ఊపిరి బిగబట్టింది.

టిక్కు.

పెంకు చిట్లి తడిముక్కు ఒకటి బయటికొచ్చింది. "తాతా!" అని కేకేసింది పెట్ట. ఎద్దు తల పైకెత్తి, "స్వామీ, నీ దయ," అంది.

మర్నాటి సాయంత్రం మళ్ళీ ధుమ్మంది. రెక్క కిందనుంచి ఓ పిల్ల తల బయటపెట్టింది.

"అమ్మా, అది నీ గుండేనా?"

"కాదురా నాన్నా, బామ్మర్దిగారి కారు. పడుకో."

ఎదుటివాళ్ళని బెదిరించడానికి పుట్టించిన రాక్షసుడు, చివరికి పుట్టించినవాడి ఇంట్లోనే కాపురం పెడతాడు.